ఆప్టిమస్ ప్రైమ్‌కు రంగు మార్చాలంటే స్ప్రేనా, బ్రష్షా, డైనా?

గండమ్ అనే జపాన్ రోబో ప్లాస్టిక్ మోడల్‌కు రంగేసి అల్మరాలో నిలబెడితే ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. ఆప్టిమస్ ప్రైమ్ లాంటి ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మ సంగతి వేరు. లారీని రోబోగా, రోబోని లారీగా తిప్పిన ప్రతిసారీ ఒక ప్యానెల్ ఇంకో ప్యానెల్‌ను రాసుకుంటూ వెళ్తుంది. అందుకే రంగు ఎంచుకునేటప్పుడు మెరుపు కన్నా ముందు ఆ రాపిడికి తట్టుకుంటుందా అని చూస్తాను.

2019 ప్రాంతంలో వచ్చిన సీజ్ సిరీస్ ఆప్టిమస్ ప్రైమ్‌నే తీసుకుందాం. యుద్ధంలో దెబ్బలు తిన్నట్టుండాలని బొమ్మల కంపెనీ హాస్‌బ్రో దాని మీద వెండి మరకలు వేసింది. చాలామందికి అవి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. తుడిచేద్దామని నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం ముట్టుకోకండి. అందులో ఆసిటోన్ ఉంటే ఏబీఎస్ ప్లాస్టిక్ కరిగిపోతుంది. పైన కొత్త రంగు వేయడమే నయం.

తమియా టీఎస్ లాంటి లాకర్ (ఘాటైన సాల్వెంట్‌తో చేసిన రంగు) స్ప్రే ఏబీఎస్‌ను కొంచెం కొరికి పట్టుకుంటుంది. ఛాతీకి టీఎస్-8 ఎరుపు, కాళ్లకు టీఎస్-15 నీలం పలచగా రెండు మూడు పూతలు కొడితే బ్రష్ గీతల్లేకుండా ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. కానీ మరలన్నీ విప్పి, ముక్కలు విడదీసి కొట్టాలి. పారదర్శకంగా ఉండే భాగాల మీద పడితే సన్నని పగుళ్లు వస్తాయి. మెత్తని పీవీసీ మీద ఎన్నాళ్లైనా జిగురుగానే ఉండిపోవచ్చు. ముసురు పట్టిన రోజున మ్యాట్ క్లియర్ (మెరుపు లేని పారదర్శక పైపూత) కొడితే తెల్లటి పొగలా మబ్బేస్తుంది. విశాఖ, కాకినాడ వైపు వాళ్లు ఎండ కాసే రోజు కోసం ఆగాల్సిందే.

వయేహో లాంటి నీటి ఆధారిత యాక్రిలిక్‌తో ఈ టెన్షన్లు లేవు. వాసన తక్కువ, అపార్ట్‌మెంట్‌లో బల్ల మీదే పని కానిచ్చేయొచ్చు, కిటికీ భాగాలకూ హాని లేదు. ముఖం, కళ్లు, చిన్న చిన్న గాడులకు దీనికి మించింది లేదు. బలహీనత ఒక్కటే, పొర మెత్తన. తొడ వెళ్లి పిక్కలోకి దూరే చోట వేస్తే, పైన వార్నిష్ ఉన్నా అంచుల దగ్గర పెచ్చులూడుతుంది.

డై తీరే వేరు. రిట్ డైమోర్ లాంటి సింథటిక్ రంగును వేడినీళ్లలో కలిపి ముక్కల్ని నానబెడితే రంగు ప్లాస్టిక్‌లోకే ఇంకుతుంది. మందం పెరగదు కాబట్టి ఊడటానికి పైన పొరంటూ ఉండదు. నైలాన్ కీళ్లకు ఇది బంగారం. అయితే లేత రంగును ముదురు చేయగలమే తప్ప ముదురును లేత చేయలేం. నీళ్లు మరీ మరిగితే ఏబీఎస్ ముక్కలు వంగిపోతాయి. వాడిన గిన్నెలో మళ్లీ వంట చేయకూడదు.

గాలి ఒత్తిడితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ అన్నిటికన్నా పలచటి పూత ఇస్తుంది, నిజమే. ఒక్క బొమ్మ కోసం కంప్రెసర్ కొనడం మాత్రం దండగ.

కాబట్టి నా ఓటు పెద్ద ప్యానెళ్లకు లాకర్ స్ప్రేకే, ముఖానికీ చిన్న పనులకూ బ్రష్‌కే. కీళ్లకు, పెగ్గులకు (ముక్కలు ఒకదాన్లో ఒకటి బిగుసుకునే చిన్న పొడుచుకొచ్చిన భాగాలకు) పై పూత రంగు వద్దు, నైలాన్ కీళ్లకైతే డై చాలు. ఎక్కడ రాసుకుంటుందో తెలియాలంటే, రంగు వేయకముందే ప్యానెళ్ల మీద వైట్‌బోర్డ్ మార్కర్ రాసి, బొమ్మను నెమ్మదిగా ఒకసారి లారీగా మార్చి చూడండి. ఎక్కడ చెరిగిందో అక్కడ తగులుతున్నట్టు. అక్కడ 800 నంబరు సాండ్‌పేపర్‌తో కాస్త అరగదీస్తే కొత్త పూత మందానికి చోటు దొరుకుతుంది. రంగు ఆరిందనిపించగానే తిప్పకుండా, ఒక వారమైనా కదపకుండా ఉంచాలి.

1984 నాటి అసలు బొమ్మ చేతిలో ఉంటే ఇవేవీ వద్దు. దాని క్రోమ్ పూత పోతే మళ్లీ రాదు, కలెక్టర్లు కట్టే విలువంతా ఆ పాత రంగులోనే ఉంది. ప్రయోగాలకు రీఇష్యూ (పాత బొమ్మనే మళ్లీ తయారు చేసి అమ్మేది) ఒకటి కొనుక్కోండి.