సర్వర్ కొత్తది, కంప్యూటర్లు పాతవి: హన్మకొండ చౌరస్తా కాడి రిపేరు షాపు

ఎనుమాముల మార్కెట్ల మాది మిర్చి అడ్తి. ఆఫీసుల విండోస్ సర్వర్ 2022 పెట్టించినం. పాత కంప్యూటర్లల్ల పాస్‌వర్డ్ సరిగ్గ కొట్టినా లాగిన్ కాలే. సర్వర్ అమ్మినోళ్లేమో "అన్నీ కొత్తయి కొనుర్రి" అన్నరు. వాళ్లకేం పోయింది!

ఈ షాపు పిలగాడు వచ్చుడు వచ్చుడే గడియారం చూసిండు. విండోస్ 7 మిషన్లల్ల సీమోస్ బ్యాటరీలు, అంటే కరెంటు లేనప్పుడు టైం నిలబెట్టే చిన్న బ్యాటరీలు, అయిపోయినయి. రాత్రి మెయిన్ బంద్ చేస్తే పొద్దుగాల తారీఖే మారుతుంది. సర్వర్ టైంకు మామూలుగ 5 నిమిషాల కంటె ఎక్కువ తేడా ఉంటే కెర్బెరోస్, అంటే లాగిన్‌ను తనిఖీ చేసే పద్ధతి, ఒప్పుకోదట. బ్యాటరీలు మార్చి టైం కలిపిండు, అన్నీ లోపలికి పోయినయి.

కాంటా కాడి పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ డబ్బాది వేరే కథ. నెట్‌వర్క్‌ల ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్ఎంబీ 1 తప్ప దానికి వేరేది రాదు, కొత్త సర్వర్ల అది బంద్ ఉంటది. తెరువుమంటె తెరువనన్నడు. 2017ల వానాక్రై వైరస్ ఆ సందులకెల్లే పాకిందట. పని పోయినా సరే అని మొఖం మీద చెప్పుడు నాకు నచ్చింది. డబ్బాను నెట్‌వర్క్‌ల నుంచి తీసేసినం.

పైసలు వాజ్‌బే. బిల్లు మాత్రం అడిగితే గాని ఇయ్యరు, మధ్యాహ్నం ఫోన్ ఎత్తరు.