కూకట్‌పల్లిలో పన్నెండు రోజుల వంట తరగతి: ఎనిమిది నెలలు వండుకున్నాక రాస్తున్నాను

2025 ఆగస్టులో వీసా కోసం ఎదురుచూస్తూ హైదరాబాదులో పిన్ని వాళ్లింట్లో ఉన్నాను. మాది ఒంగోలు. ఇంటర్ నుంచి ఇంజినీరింగ్ దాకా "నువ్వు చదువుకో, వంట సంగతి నేను చూసుకుంటాను" అంటూ అమ్మ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఇరవై మూడేళ్లు వచ్చినా నాకు అన్నం వండటం కూడా తెలియదు. జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో పీజీ సీటు వచ్చింది. మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మనీ వీసాకు చూపాల్సిన ఏపీఎస్ ధ్రువపత్రానికి 18,000 రూపాయలు కట్టాం. బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేస్తే నెలనెలా కొంత చొప్పున చేతికిచ్చే ఖాతాలో, 11,904 యూరోలు వేశాం. ఒక్కో కాగితానికి నాన్న ఒక్కో ఫైలు తయారు చేశారు. ఇంత హడావిడిలో అక్కడ రోజూ ఏం తింటావని అడిగింది పిన్ని ఒక్కతే. నేను బిక్కమొహం వేసేసరికి, విదేశాలకు వెళ్లే పిల్లలకు ఇంట్లోనే వంట నేర్పే ఆంటీ ఒకరు తమ కాలనీలోనే ఉన్నారని చెప్పి మర్నాడే తీసుకెళ్లింది.

తరగతి పన్నెండు రోజులు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు. సరుకులతో కలిపి 4,500 రూపాయలు తీసుకున్నారు. మా జట్టులో ఐదుగురం. ముగ్గురు అమెరికాకు, ఇద్దరం జర్మనీకి. ఆంటీ వయసు అరవై దాకా ఉంటుంది. ఆమె అబ్బాయి అమెరికాలో చదువుకున్నాడు. వెళ్లిన కొత్తలో వాడు నాలుగు నెలలు బ్రెడ్డు తిని బతికాడని తెలిసి ఈ తరగతి మొదలుపెట్టానని చెప్పారు.

మొదటి రోజు వెళ్లేసరికి గ్యాస్ పొయ్యి మీద తువాలు కప్పి ఉంది. పక్కన బల్ల మీద ఒక కరెంటు పొయ్యి, ఒక ఇండక్షన్ పొయ్యి. "మీరు వెళ్లే చోట మంట కనిపించదమ్మా. మంట చూసి వండటం నేర్పితే అక్కడ మీ చేతులు కట్టేసినట్టు అవుతుంది" అన్నారు. ఈ ఒక్క మాటకే ఆ తరగతికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఇక్కడ మాగ్డెబుర్గ్‌లో మా హాస్టల్ వంటగదిలో ఉన్నది గాజు పలక పొయ్యి. ఆపేసిన తర్వాత కూడా చాలాసేపు నిప్పులా కాలుతూనే ఉంటుంది. గ్యాస్ అలవాటుతో కుక్కర్ కింద పొయ్యి ఆపి పక్కకు వెళ్తే విజిల్స్ వస్తూనే ఉంటాయి, పప్పు అడుగంటుతుంది. రెండో విజిల్ దగ్గరే పొయ్యి ఆపేస్తే మూడోది మిగిలిన వేడికే వస్తుందని, అది రాగానే కుక్కర్‌ను పక్కకు దించేయాలని ఆంటీ మా ఐదుగురి చేతా విడివిడిగా చేయించారు. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద అసలు వేడెక్కదని కూడా పొయ్యి మీద పెట్టి చూపించారు. అది చూశాకే అడుగు సమంగా ఉండే మూడు లీటర్ల స్టీలు కుక్కర్ కొన్నాను.

రెండో రోజంతా తాలింపే. ఇక్కడ ప్రతి గదిలోనూ పొగ పసిగట్టే అలారం ఉంటుంది. మన ఇళ్లలో తాలింపు పెట్టినట్టు నూనె పొగలు కక్కేదాకా కాచి ఎండుమిర్చి వేస్తే హాస్టలంతా బయటకు పరుగెత్తాల్సి వస్తుంది. ఆంటీ పద్ధతి ఇది. చిన్న గిన్నెలో రెండు చెంచాల నూనె పోసి, ఒకే ఒక్క ఆవగింజ వేసి చూడాలి. అది కదిలి చిటపటమన్నాక మిగతా ఆవాలు వేసి, మూత పెట్టి, గిన్నెను వెంటనే పొయ్యి మీంచి తీసేయాలి. పది లెక్కపెట్టేలోపు మూత కింద చప్పుడు తగ్గిపోతుంది. అప్పుడు జీలకర్ర, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు. ఎండుమిర్చి అన్నిటికన్నా చివర, నూనె కాస్త నెమ్మదించాక. మిర్చి నల్లబడకుండా ఎర్రగా ఉబ్బి, ఘాటు గొంతుకు తగలకుండా వాసన మాత్రం వస్తుంది. వెంటనే పప్పులో కలిపేయాలి. నేను మూడుసార్లు మాడ్చాను. మూడుసార్లూ ఆంటీ గిన్నె కడిగి మళ్లీ నా చేతికిచ్చారు. విసుక్కోలేదు. ఈ ఎనిమిది నెలల్లో మా వంటగది అలారం నా వల్ల ఒక్కసారి కూడా మోగలేదు.

మైసూరు పప్పుతో వండటం ఎందుకు నేర్పుతున్నారో అప్పట్లో అర్థం కాలేదు. కందిపప్పు లేని పప్పేమిటని మనసులో అనుకున్నాను కూడా. ఇక్కడ మా దగ్గరి టర్కీ వాళ్ల కొట్లో ఎర్రటి మైసూరు పప్పు, శనగలు, కొత్తిమీర కట్టలు, పచ్చిమిరపకాయలు ఎప్పుడూ ఉంటాయి. ఆ పప్పు నానబెట్టకుండా మామూలు గిన్నెలోనే ఇరవై నిమిషాలకు ఉడికిపోతుంది. బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు చేతికి వచ్చేది 992 యూరోలు. గది అద్దె, ఆరోగ్య బీమా అందులోనే. బయట తినే ఆలోచన చేయకుండా నన్ను నిలబెట్టింది ఆ పప్పే.

ఇక లోటుపాట్లు చెప్పాలి. చివరి రోజు ఆంటీ ఇచ్చే సామాన్ల జాబితా అమెరికా పిల్లల కోసం రాసినది. దాన్నే జర్మనీ పిల్లలకూ ఇస్తున్నారు. అందులో కిలో నెయ్యి, కోడి పచ్చడి ఉన్నాయి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు వెంట తీసుకురావడం నిషిద్ధం. నెయ్యి కూడా అందులోకే వస్తుంది. నేను ముందే చదివి ఉన్నాను కాబట్టి నా జట్టులోని అబ్బాయికి చెప్పి అవి తీయించాను. అదే జాబితాలో "మిక్సీ వద్దు, అక్కడి కరెంటుకు పనిచేయదు" అని ఉంది. అమెరికా కరెంటు 120 వోల్టులు కాబట్టి వాళ్లకు ఆ మాట నిజం. జర్మనీలో మన ఇళ్లలోలాగే 230 వోల్టులు. ప్లగ్గు ఆకారం ఒక్కటే వేరు, చిన్న అడాప్టర్ ఉంటే చాలు. ఆ మాట నమ్మి అమ్మ కొనిపెట్టిన చిన్న మిక్సీని ఒంగోలులోనే వదిలేసి వచ్చాను. కొబ్బరి పచ్చడి తినాలనిపించిన ప్రతిసారీ అది గుర్తొచ్చి బాధగా ఉంటుంది. ఆంటీకి ఫోన్ చేసి చెప్పాను. జర్మనీ వాళ్లకు వేరే జాబితా రాయిస్తానన్నారు. రాశారో లేదో మీరు చేరేటప్పుడు అడగండి.

శాకాహార ఇల్లు కాబట్టి గుడ్డు కూడా నేర్పరు. చపాతీకి ఒక్క రోజే కేటాయించారు, అది చాలదు. నా చపాతీలు ఇప్పటికీ అప్పడాల్లా విరుగుతున్నాయి. దోసె పిండి విషయంలో చలిని వాళ్లు లెక్కలోకి తీసుకోలేదు. రాత్రి రుబ్బితే తెల్లారేసరికి పొంగడం హైదరాబాదు మాట. డిసెంబరులో నా పిండి రెండు రోజులు కదలకుండా కూర్చుంది. ఆంటీకి సందేశం పెడితే పది నిమిషాల్లో ఫోన్ చేశారు. "ఓవెన్ ఉందా? వేడి పెట్టకు. లోపలి దీపం ఒక్కటే వేసి గిన్నె అందులో పెట్టు" అన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి మూత పైకి లేచింది. తరగతి అయిపోయి నాలుగు నెలలైనా ఫోన్ చేసి మరీ చెప్పడం నాకు చాలా పెద్ద విషయం.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది ఏడో రోజు పాఠం. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. చింతపండు రసం, నిమ్మరసం, పచ్చిమామిడి ముక్క, పచ్చి గోంగూర ఆకు వరసగా నాలుక మీద పెట్టించి, ఏ పులుపు ముందు తగులుతుంది, ఏది ఆలస్యంగా తెలుస్తుంది, ఏది చివరిదాకా నిలుస్తుంది అని అడిగారు. కొలత మరిచిపోయినా నాలుక మరిచిపోదని ఆంటీ నమ్మకం. మొన్న ఏప్రిల్‌లో ఇక్కడి సంతలో ఎర్రటి పొడవాటి కాడలు కట్టలు కట్టి పెట్టారు. రబార్బర్ అంటారు. జర్మన్లు చక్కెర వేసి కేకుల్లో వాడతారు. గదికి తెచ్చి చిన్న ముక్క కొరికి చూశాను. గోంగూర! ఆలస్యంగా మొదలై దవడల దాకా పాకే ఆ పులుపును పట్టుకోవడానికి నాకు క్షణం పట్టలేదు. కాడల్ని తరిగి పచ్చిమిర్చితో కలిపి నూనెలో మగ్గిస్తే ఐదు నిమిషాలకే ముద్దయింది. వేయించిన ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి దంచి కలిపాను. పండు వాసన కొద్దిగా ఉంది కానీ వేడి అన్నంలో కలుపుకుని వీడియోలో అమ్మకు చూపిస్తూ తిన్నాను. అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఇది చదివి వండబోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. గోంగూర అనగానే మన చెయ్యి ఆకు మీదికి పోతుంది. రబార్బర్ ఆకు విషం. ఆకులుంటే కోసి పారేసి కాడ మాత్రమే వాడండి.

చదువు కోసం బయటి దేశం వెళ్తూ, వంట రాని ఎవరైనా ఈ తరగతిలో చేరాలని గట్టిగా చెబుతాను. ఐదుకు నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర మార్కు మిక్సీకి కోశాను. జులై, ఆగస్టులో ఐదుగురి జట్లు త్వరగా నిండిపోతాయి. వీసా వచ్చేదాకా ఆగకుండా, అడ్మిషన్ రాగానే అడిగి పెట్టుకోండి. వెళ్లేటప్పుడు ఒక నోటు పుస్తకం, మూతున్న స్టీలు డబ్బా పట్టుకెళ్లండి. ఆ రోజు మీరు వండినది, మాడినా సరే, ఇంటికి తీసుకెళ్లి తినాలని ఆంటీ నియమం.