పాండాపవర్‌తో ఫాల్ట్ కరెంట్ లెక్కలు: వాడి చూసి రాస్తున్న రివ్యూ

ఈఈఈ చదివేవాళ్ళూ, సబ్‌స్టేషన్లలో ప్రొటెక్షన్ చూసేవాళ్ళూ ఇది ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకోండి. పాండాపవర్ అని పైథాన్ లైబ్రరీ, జర్మనీలో కాసెల్ యూనివర్సిటీ, ఫ్రాన్‌హోఫర్ వాళ్ళు కలిసి తయారుచేసింది, పైసా కట్టక్కర్లేదు, కోడ్ మొత్తం ఓపెన్, షార్ట్ సర్క్యూట్ (ఫాల్ట్) లెక్కలేమో ఐఈసీ 60909 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో చేస్తుంది.

మన పల్లెల్లో ఉండే 33/11 కేవీ సబ్‌స్టేషన్ లాంటిదే పెట్టి చూడండి. 33 కేవీ వైపు ఫాల్ట్ లెవెల్ (షార్ట్ సర్క్యూట్ అయితే గ్రిడ్ అందించగల శక్తి) 500 ఎంవీఏ, ట్రాన్స్‌ఫార్మర్ 5 ఎంవీఏ, ఇంపెడెన్స్ 7.15 శాతం అనుకుందాం. 11 కేవీ బస్ (ఫీడర్లన్నీ బయలుదేరే కడ్డీ) మీద త్రీ ఫేజ్ ఫాల్ట్ 3.5 కిలో ఆంప్స్ దగ్గర వస్తుంది, చేత్తో లెక్కేసినా అంతే వస్తుంది, కాబట్టి ఇందులో గొప్పేం లేదు. అసలు పని ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకి వెళ్ళే లైను) చివర్లో ఉంది. 10 కిలోమీటర్ల లైను, కిలోమీటరుకి 0.55 ఓమ్స్ రెసిస్టెన్స్, 0.35 రియాక్టెన్స్ ఇస్తే టెయిల్ ఎండ్‌లో మ్యాక్స్ కేసులో (కరెంట్ అన్నిటికంటే ఎక్కువ వచ్చే పరిస్థితి) 900 ఆంప్స్ వచ్చింది, అదే చోట మిన్ కేసు (తక్కువ వచ్చే పరిస్థితి), టూ ఫేజ్ ఫాల్ట్ అని మార్చి మళ్ళీ రన్ చేస్తే 630కి పడిపోయింది. ఎందుకంటే వోల్టేజ్ ఫ్యాక్టర్ (లెక్కలో వోల్టేజ్‌ని గుణించే అంకె) 1.1 నుంచి 1కి దిగుతుంది, కండక్టర్ వేడెక్కి రెసిస్టెన్స్ పెరుగుతుంది (80 డిగ్రీలు ఇచ్చాను), పైగా టూ ఫేజ్ అంటే త్రీ ఫేజ్‌లో 0.866 వంతే. రిలే పికప్ (ఎంత కరెంట్ దాటితే రిలే పనిచెయ్యాలో ఆ విలువ) పెట్టేటప్పుడు చూడాల్సింది ఈ 630నే, చాలామంది మ్యాక్స్ ఒక్కటే చూసి వదిలేస్తారు. నాకు బాగా నచ్చింది ఏంటంటే మిన్ కేసుకి కండక్టర్ టెంపరేచర్ ఇవ్వకపోతే అది లెక్క చెయ్యనే చెయ్యదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మనకి తెలీకుండా ఏదో ఒక విలువ వేసేసుకునే సాఫ్ట్‌వేర్ కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

సింగిల్ ఫేజ్ టు గ్రౌండ్ ఫాల్ట్‌కి కొంచెం ఓపిక కావాలి, లైన్‌కి, ట్రాన్స్‌ఫార్మర్‌కి జీరో సీక్వెన్స్ (మూడు ఫేజుల్లో ఒకేలా పారి నేల గుండా తిరిగొచ్చే కరెంట్) విలువలు, వెక్టర్ గ్రూపు (వైండింగ్‌లు డెల్టానా స్టారా అని చెప్పే కోడ్) అన్నీ ఇవ్వాలి, అవి సంపాదించడమే పెద్ద పని. కానీ ఇచ్చాక తెలుస్తుంది, డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్, న్యూట్రల్ నేరుగా ఎర్త్ చేసి ఉంటే బస్ దగ్గర ఎర్త్ ఫాల్ట్ కరెంట్ త్రీ ఫేజ్ కంటే కాస్త ఎక్కువే వస్తుంది, ఎందుకంటే జీరో సీక్వెన్స్ డెల్టా దగ్గరే ఆగిపోయి 33 కేవీ వైపు ఇంపెడెన్స్ అందులో కలవదు. త్రీ ఫేజే ఎప్పుడూ పెద్దది అని బట్టీపట్టిన స్టూడెంట్స్ ఇది చేసి తీరాలి.

వేవ్‌ఫామ్ మాత్రం రాదు. పీక్ కరెంట్ ఒక అంకెగా ఇస్తుంది గానీ డీసీ ఆఫ్‌సెట్ (ఫాల్ట్ మొదట్లో కరెంట్‌ని ఒక పక్కకి జరిపే భాగం) ఎలా తగ్గుతోంది, సీటీ (రిలేకి కరెంట్ కొలిచి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) ఎక్కడ సాచురేట్ అవుతోంది చూడాలంటే పీఎస్‌క్యాడో సిమ్యులింకో లాంటి సాఫ్ట్‌వేర్ కావాల్సిందే.

ఇంకో లోటు నాకు ఎక్కువ బాధ అనిపించేది, తీగ తెగి ఎండిన పొలంలో పడే ఫాల్ట్. మనుషులూ పశువులూ పోయేది దానివల్లే. అక్కడ నేల రెసిస్టెన్స్, ఆర్క్ క్షణక్షణం మారుతుంటాయి, ఇందులో ఫాల్ట్ రెసిస్టెన్స్ ఒకటే స్థిరమైన విలువ ఇవ్వగలం. అయినా సరే 200 ఓమ్స్ పెట్టి చూడండి, కరెంట్ 30 ఆంప్స్ దగ్గరకి వచ్చేస్తుంది, ఓవర్ కరెంట్ రిలేకి అది మామూలు లోడ్ కంటే తక్కువే. 10, 50, 100, 200 అని పెంచుకుంటూ పోయి కరెంట్ మీ ఎర్త్ ఫాల్ట్ పికప్ కంటే ఎక్కడ కిందికి పడిపోతుందో ఫీడర్‌కి ఒక టేబుల్ వేసుకోండి. రేటింగ్ 5కి 4.