ఎన్‌విడిఏ రివ్యూ: తెలుగు ఆఫీసులో ఈ స్క్రీన్ రీడర్ ఎంతవరకు పనికొస్తుంది

చూపు లేని ఉద్యోగి చేరబోతున్నారని తెలిసిన రోజున హెచ్ఆర్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?" అన్నది. చాలావరకు ఏదీ కొనక్కర్లేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రామ్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. విండోస్‌లో పనిచేసే ఎన్‌విడిఏ అలాంటిదే, అది ఉచితం. సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ దీన్ని మొదలుపెట్టారు, జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరూ చూపు లేనివాళ్లే. ఇప్పుడు ఎన్‌వి యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది.

ఇంగ్లీషు పనికి ఐదుకు నాలుగున్నర మార్కులు, తెలుగు పనికి మూడు. తెలుగులో పోయిన ఆ మార్కుల్లో ఎక్కువ భాగం ఎన్‌విడిఏ తప్పు వల్ల పోయినవి కావు. మన ఆఫీసుల్లో ఫైళ్లు తయారయ్యే తీరు వల్ల పోయినవి. కింద ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ఇన్‌స్టాల్ చెయ్యడం చిన్న పని. కాకపోతే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, కాబట్టి ఐటీ మనిషి పక్కనుండాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సైన్-ఇన్ తెర దగ్గరే ఎన్‌విడిఏ మొదలవ్వాలనే టిక్ ఉంటుంది, దాన్ని తీసెయ్యకండి. తీసేస్తే ఉద్యోగి రోజూ పొద్దున్నే పాస్‌వర్డ్ కొట్టడానికి ఎవరినో పిలవాల్సి వస్తుంది. సెట్టింగులన్నీ కుదిరాక, జనరల్ విభాగంలో ఉన్న "సేవ్ చేసిన సెట్టింగులను సైన్-ఇన్ తెరకు వాడు" అనే బటన్ కూడా ఒకసారి నొక్కించాలి. లేకపోతే ఆ తెర మీద గొంతు, వేగం మళ్లీ మొదటికొస్తాయి. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని నడిపే పోర్టబుల్ కాపీ కూడా చేసుకోవచ్చు. ఇంటర్వ్యూకో శిక్షణకో అది చాలు. రోజువారీ ఉద్యోగానికి మాత్రం పనికిరాదు. అడ్మిన్ అనుమతి అడిగే తెర వచ్చిందంటే అది నోరు మూసుకుంటుంది.

కీబోర్డు విషయంలో ఒక్క మాట. నంబర్ ప్యాడ్ ఉన్న పెద్ద కీబోర్డు ఇవ్వండి. ఎన్‌విడిఏ కమాండ్లలో చాలా వాటికి డెస్క్‌టాప్ పద్ధతిలో నంబర్ ప్యాడే ఆధారం. ఉత్త ల్యాప్‌టాప్ అయితే ల్యాప్‌టాప్ లేఅవుట్ ఎంచుకుని, క్యాప్స్‌లాక్‌ను ఎన్‌విడిఏ కీగా (కమాండ్ల కోసం మిగతా కీలతో కలిపి నొక్కేది, మామూలుగా ఇన్సర్ట్) పెట్టుకోవాలి. కింద కమాండ్లలో "ఎన్‌విడిఏ" అంటే ఈ కీయే.

ఇక గొంతు. దీంతోపాటు వచ్చే ఈస్పీక్ ఎన్‌జి అనే గొంతు ఇంజిన్‌లో తెలుగు ఉంది. మొదటిసారి విన్నవాళ్లు ముఖం చిట్లిస్తారు. అచ్చం మర గొంతు, రాగం ఉండదు. కానీ వేగం పెంచినా పదాలు ముద్దకట్టవు, కీ నొక్కిన క్షణంలోనే పలుకుతుంది. రోజుకు ఎనిమిది గంటలు వినేవాళ్లకు తీపి గొంతు కంటే ఇదే ముఖ్యం. ఎన్‌విడిఏ, కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే గొంతు ఇంజిన్ మార్చుకునే పెట్టె వస్తుంది. ఎస్‌కు బదులు వి నొక్కితే భాష, వేగం వగైరా మార్చుకోవచ్చు. కొత్తవాళ్లు వేగాన్ని 35 దగ్గర మొదలుపెట్టి వారానికి కొంచెం పెంచుకుంటే చాలు.

తెలుగు, ఇంగ్లీషు కలిసిన పత్రాల్లోనే చిక్కు. భాషను బట్టి గొంతు తనంతట తానే మారే ఏర్పాటు ఎన్‌విడిఏలో ఉంది. అది పత్రంలో రాసిన భాష గుర్తును చూసి మారుతుంది తప్ప లిపిని చూసి కాదు. వెబ్‌పేజీలో తెలుగు భాగానికి ఆ గుర్తు పెట్టేవాళ్లు తక్కువ. వర్డ్‌లో ప్రూఫింగ్ భాష (స్పెల్లింగ్ సరిచూసే భాష) ఇంగ్లీషు అనే ఉంచేసి తెలుగు టైపు చేసేవాళ్లు ఎక్కువ. అందుకని తెలుగు గొంతుకు విడిగా ఒక కాన్ఫిగరేషన్ ప్రొఫైల్, అంటే విడి సెట్టింగుల కట్ట, చేసుకుని (ఎన్‌విడిఏ, కంట్రోల్, పి), ఇన్‌పుట్ గెస్చర్స్‌లో దానికి ఒక కీ కేటాయించుకోవడం మేలు. ఒక్క నొక్కుతో తెలుగు, ఇంకో నొక్కుతో ఇంగ్లీషు.

టైపింగ్‌కు విండోస్‌లో ఉన్న ఇన్‌స్క్రిప్ట్ గానీ ఫొనెటిక్ కీబోర్డు గానీ బాగానే పనిచేస్తాయి. దిద్దుబాటు దగ్గర మాత్రం తెలియాల్సింది ఉంది. "స్త్రీ" అనేది కంటికి ఒక అక్షరం. కంప్యూటర్‌కు ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈ గుణింతం. బాణం కీతో ఒక్క అడుగులో మొత్తం దాటేస్తాం. డిలీట్ నొక్కితే ముద్దంతా పోతుంది. బ్యాక్‌స్పేస్ మాత్రం చివరి నుంచి ఒక్కో ముక్కనే తీస్తుంది. అంటే గుణింతం తప్పు పడితే అక్షరం తర్వాతకు వెళ్లి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే సరిపోతుంది. ఇది చెప్పకుండా శిక్షణ ఇచ్చేస్తే ఉద్యోగి ప్రతి తప్పుకూ మొత్తం పదాన్ని కొట్టేసి మళ్లీ టైపు చేస్తుంటారు, "తెలుగులో నెమ్మది" అన్న మాట పడుతుంది.

ఇంకో చిన్న పురుగు ఉంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో వకారం కింద వత్తుగా పడకుండా మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం పెడతాం. వింటున్నప్పుడు అది ఉందో లేదో తేడా తెలియదు. ఒకరు పెట్టి, ఇంకొకరు పెట్టకుండా టైపు చేసిన జాబితాలో వెతికితే సగం దొరకవు. ఇలాంటి మాటలకు ఆఫీసంతా ఒకే పద్ధతి పెట్టుకోవాలి. శ, ష తేడా కూడా ఈ గొంతులో అంత స్పష్టంగా వినపడదు. పేర్ల జాబితా సరిచూసేటప్పుడు అక్షరం అక్షరం వినడమే దారి.

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరకు వద్దాం. రెండు రాష్ట్రాల్లోనూ డీటీపీ సెంటర్లు, ప్రెస్సులు, చాలా ఆఫీసులు ఇప్పటికీ అను ఫాంట్లలో పనిచేస్తాయి. అవి యూనికోడ్ (ఫైలు లోపల కూడా తెలుగు అక్షరం తెలుగుగానే ఉండే పద్ధతి) రాకముందువి. ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. వాటికి తెలుగు బొమ్మలు తొడిగారంతే. కంటికి చక్కటి తెలుగు కనిపిస్తుంది. ఎన్‌విడిఏ లోపల ఉన్నదాన్ని చదువుతుంది కాబట్టి వినేవాళ్లకు డాలరు గుర్తులు, బ్రాకెట్లు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వరుసగా వస్తాయి. ఇందులో ఏ స్క్రీన్ రీడరూ చెయ్యగలిగింది లేదు, లక్షలు పోసి కొన్నా అంతే.

తెలుసుకోవడం తేలిక. ఫైల్లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి. తెలుగుగానే కనిపిస్తే యూనికోడ్. చిందరవందరగా ఇంగ్లీషు గుర్తులు వస్తే పాత ఫాంటు. ఉద్యోగి తనంతట తాను తెలుసుకోవాలంటే ఎన్‌విడిఏ, ఎఫ్ నొక్కితే ఫాంటు పేరు పలుకుతుంది. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, పనికొస్తాయి కూడా. కానీ వత్తుల దగ్గర, అరుదైన గుణింతాల దగ్గర జారుతాయి. చూపున్న మనిషి ఒకసారి దిద్దాకే ఉద్యోగి చేతికి ఇవ్వాలి. కొత్తగా తయారయ్యే ప్రతి ఫైలూ యూనికోడ్‌లోనే ఉండాలని డీటీపీ వాళ్లతో చేసుకునే ఒప్పందంలో ఒక లైను రాయించండి. "యూనికోడ్ పెడితే ఇన్‌డిజైన్‌లో వత్తులు విరిగిపోతాయండీ" అని వాళ్లనడం మామూలే. పేరాగ్రాఫ్ కంపోజర్‌ను వరల్డ్-రెడీకి మారిస్తే వత్తులు సరిగా కూర్చుంటాయి. ఆ మెనూ తెరిచి చూసినవాళ్లు తక్కువ.

పీడీఎఫ్ సంగతి ఇంకో రకం. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగు కూడా పీడీఎఫ్ అయ్యేసరికి లోపల చెదిరిపోవచ్చు. గుణింతాలు ముందువెనకలవుతాయి, వత్తులు రాలిపోతాయి. వర్డ్ నుంచి తీసేటప్పుడు ప్రింట్ దారిలో కాకుండా సేవ్ యాజ్ దారిలో వెళ్లి, ఆప్షన్స్‌లో యాక్సెసిబిలిటీ ట్యాగులు అనే టిక్ ఉందో లేదో చూడాలి. ప్రింట్ టు పీడీఎఫ్ చేస్తే శీర్షికలు, పట్టికల గుర్తులన్నీ పోతాయి. అన్నీ సరిగ్గా చేసినా తెలుగుకు పూర్తి హామీ లేదు. అందుకే పీడీఎఫ్‌తో పాటు మూల వర్డ్ ఫైలు కూడా పంపడం ఒక్కటే నమ్మకమైన పద్ధతి. సర్క్యులర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేసే అలవాటు గురించి వేరే చెప్పాలా? ఎన్‌విడిఏకు అది ఉత్త బొమ్మ.

బొమ్మలోని అక్షరాలు చదివించే ఓసీఆర్ ఎన్‌విడిఏలో ఉంది, ఎన్‌విడిఏ, ఆర్ నొక్కాలి. కానీ అది విండోస్ ఓసీఆర్ మీద ఆధారపడింది, దాంట్లో తెలుగు లేదు. తెలుగు స్కాన్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు వస్తాయి. 300 డీపీఐకి తక్కువ కాకుండా, వంకర లేకుండా స్కాన్ చెయ్యాలి. పట్టికలు మాత్రం చెల్లాచెదురవుతాయి. సిబ్బంది వివరాలు, రోగుల కాగితాలు ఇలా బయటి సర్వర్లకు ఎక్కించకూడదు. అలాంటి వాటికి టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రామ్‌ను తెలుగు డేటాతో ఆఫీసు మెషిన్‌లోనే నడుపుకోవచ్చు.

ఎక్సెల్‌లో ఎన్‌విడిఏ పనితనం చాలా బాగుంటుంది, షీటు బాగుంటే. శీర్షిక వరుసలో మొదటి గడి మీద ఉండి ఎన్‌విడిఏ, షిఫ్ట్, సి నొక్కితే, ఆపైన ఏ గడిలోకి వెళ్లినా "బేసిక్ పే, 32,000" అన్నట్టు నిలువు వరుస పేరుతో సహా చెబుతుంది. కలిపేసిన గడులు, అందం కోసం వదిలిన ఖాళీ వరుసలు ఈ పనిని పాడుచేస్తాయి. "ఎర్ర రంగు వేసినవి పెండింగ్" అన్న పద్ధతి కూడా మానాలి. ఒక నిలువు వరుస పెట్టి "పెండింగ్" అని రాస్తే పోయింది.

ఆఫీసు సొంత సాఫ్ట్‌వేర్ల దగ్గర ఎక్కువమంది ఆగిపోతారు. హాజరు, సెలవు, బిల్లుల పోర్టల్ ఏదైనా కానీ, బొమ్మ మాత్రమే ఉన్న బటన్‌కు పేరు పెట్టకపోతే ఎన్‌విడిఏ "బటన్" అని ఊరుకుంటుంది. ఒక తెర మీద అలాంటివి ఆరు ఉంటే "బటన్, బటన్, బటన్". ఏది సేవ్, ఏది డిలీట్? బటన్లుగా కాకుండా క్లిక్ చేస్తే పనిచేసే ఉత్త డివ్‌లుగా (వెబ్‌పేజీలోని మామూలు డబ్బాలుగా) రాసినవైతే ట్యాబ్‌కు అందనే అందవు. డెవలపర్‌కు ఇక్కడ సాకు లేదు, పరీక్షించే సాధనం ఉచితంగానే దొరుకుతోంది. మౌస్ తీసి పక్కన పెట్టి, ఎన్‌విడిఏ టూల్స్ మెనూలో స్పీచ్ వ్యూయర్ తెరిస్తే, పలికే ప్రతి మాటా తెర మీద రాతగా కనిపిస్తుంది. చెవులతో వినడం అలవాటు లేనివాళ్లకు అదే సులువు. ఎన్‌విడిఏ, ఎఫ్7 నొక్కి లింకులు, శీర్షికలు, బటన్ల జాబితా తెప్పిస్తే పేజీ అస్థిపంజరం బయటపడుతుంది. పేరు లేని బటన్‌కు లేబుల్ రాయడం ఒక లైను పని.

ఆన్‌లైన్ మీటింగుల్లో పాత ఇబ్బంది, అవతలివాళ్ల మాట, ఎన్‌విడిఏ మాట ఒకేసారి రెండు చెవుల్లో పడటం. ఎన్‌విడిఏ 2024.2 వెర్షన్ నుంచి సౌండ్ స్ప్లిట్ వచ్చింది. ఎన్‌విడిఏ, ఆల్ట్, ఎస్ నొక్కితే ఎన్‌విడిఏ ఒక చెవికి, మిగతా శబ్దం రెండో చెవికి. హెడ్‌ఫోన్ స్టీరియో అయ్యుండాలి. ఒంటి చెవి హెడ్‌సెట్ కొనిచ్చారంటే ఈ సౌకర్యం వృథా. 2025.1లో రిమోట్ యాక్సెస్ లోపలే కలిపేశారు. రెండు చోట్లా ఎన్‌విడిఏ ఉంటే దూరం నుంచి ఒకరు ఇంకొకరి మెషిన్‌ను వింటూ సరిచెయ్యొచ్చు. శిక్షకుడు ఊళ్లో లేని చోట్ల ఇది బంగారం. మీ ఆఫీసు ఫైర్‌వాల్ ఒప్పుకోవాలి మరి.

లోపాల్లో పెద్దది, ఫోన్ చేస్తే ఎత్తి తెలుగులో సమాధానం చెప్పే కస్టమర్ కేర్ లేదు. డబ్బు కట్టి గంటల లెక్కన సాయం తీసుకోవచ్చు, అది ఇంగ్లీషులో. కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో మిగిలిన డబ్బును శిక్షణకు పెట్టండి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పునరావాస విభాగం లాంటి చోట్ల అడిగి చూడొచ్చు.

ఇదంతా దయతో చేసే పని అనుకునే యాజమాన్యాలకు ఒక వివరం. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 21 ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ అయితే సహాయక పరికరాలు, అందుబాటు ఏర్పాట్లు అందులో రాయాలి, లయజన్ ఆఫీసర్‌ను (వికలాంగ ఉద్యోగుల విషయాలు చూసే అధికారిని) పెట్టాలి. సాఫ్ట్‌వేర్ అందుబాటుకు ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది, 2023లో దాన్ని చట్టం కింది నియమాల్లోకి తెచ్చారు. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు నియమాలు సలహాల్లా మిగిలిపోతే కుదరదని, తప్పనిసరిగా పాటించాల్సినవి వేరుగా తేల్చమని చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగ అధ్యయన కేంద్రం తయారుచేసిందే. పోర్టల్ కాంట్రాక్టు రాసేటప్పుడు ఐఎస్ 17802 పేరు టెండర్లో ఉండేలా చూడండి, తర్వాత డెవలపర్‌తో వాదన తగ్గుతుంది.

మరి డబ్బు పెట్టి కొనే స్క్రీన్ రీడర్ జాస్ కొనాల్సిన అవసరం ఎప్పుడు? తమ తెరను తామే గీసుకునే పాత అకౌంటింగ్, బ్యాంకింగ్ ప్యాకేజీల మీద పని ఉండి, దానికి జాస్ స్క్రిప్టులు రాసేవాళ్లు దొరికినప్పుడు. ఉద్యోగి ఏళ్లుగా జాస్ మీదే చేతులు తిప్పినవారైనప్పుడు కూడా అడిగినదే ఇవ్వండి. కొనేముందు దాని ట్రయల్‌ను మీ ప్యాకేజీ మీదే నడిపించండి. 40 నిమిషాలకు ఆగిపోతుంది, మెషిన్ రీస్టార్ట్ చేస్తే మళ్లీ నడుస్తుంది. తెలుగు చదవడం కోసమే అయితే కొనకండి, అను ఫాంటు ముందు అదీ ఇంతే.

పాత మెషిన్ల గురించి చివరగా: విండోస్ 7 మీద నడిచే చివరి ఎన్‌విడిఏ 2023.3.4. సౌండ్ స్ప్లిట్, రిమోట్ అందులో రావు. కొత్త ఉద్యోగికి స్టోర్ రూమ్‌లోని కంప్యూటర్ దులిపి ఇద్దామనుకుంటే ముందు ఇది చూసుకోండి.