పిస్టల్ తన్ను తగ్గించే స్ప్రింగు కిట్ అంటున్నారు, కొనకండి

లైసెన్సు .32 పిస్టల్ ఉన్నవాళ్ల కోసం ఈ పోస్టు. భీమవరం, అమలాపురం వైపు ఈ మధ్య ఒక కిట్ చేతులు మారుతోంది. గట్టి స్ప్రింగు, దాంతో స్టీలు గైడ్ రాడ్డు, అంటే స్ప్రింగు వంగకుండా దాని లోపల ఉండే కడ్డీ. "తన్ను (కాల్చినప్పుడు చేతికి తగిలే వెనకదెబ్బ) సగానికి తగ్గుద్దండి" అని అంటగడుతున్నారు. బిగించిన పిస్టళ్లలో జరుగుతున్నది మాత్రం వేరు: మొదటిది పేలుతుంది, ఖాళీ షెల్ స్లైడుకీ (కాల్చినప్పుడు వెనక్కీ ముందుకీ జరిగే పై భాగం) బ్యారెల్‌కీ మధ్య ఇరుక్కుపోతుంది, రెండోది ఎక్కదు.

.32 పిస్టళ్లు దాదాపు అన్నీ బ్లోబ్యాక్ రకం. బ్యారెల్‌కి లాకింగ్, అంటే స్లైడుతో కలిపి పట్టి ఉంచే గడియ, ఉండదు; స్లైడు బరువూ స్ప్రింగు బిగువే దాన్ని మూసి ఉంచేది. గుండు బరువు మామూలుగా 71 గ్రెయిన్లు, అంటే నాలుగున్నర గ్రాముల పైచిలుకు. ఆ కాస్త తోపుకి సరిపడా ఫ్యాక్టరీలో స్ప్రింగు వేస్తారు. ఇంకా గట్టిది పెడితే స్లైడు చివరిదాకా వెనక్కి రాదు, షెల్ బయట పడదు. ఒకవేళ వచ్చినా, ముందుకి మరీ వేగంగా కొట్టుకుంటూ వస్తుంది. మ్యాగజైన్ స్ప్రింగు తూటాని పైకి లేపేలోపే స్లైడు దాని మీదుగా దాటిపోతుంది. తన్ను సంగతంటారా, అది గుండు బరువు, వేగం, పిస్టల్ బరువు మీద ఉంటుంది. స్ప్రింగు దాన్ని కాస్త సాగదీస్తుందే గానీ మింగేయదు.

కిట్ల మీద స్ప్రింగు బిగువు 16, 18 పౌండ్లు అని అంకెలు కనిపిస్తాయి. 16 అనేది .45 తూటా వేసే 1911 పిస్టల్ లెక్క. దానికి లాకింగ్ ఉంది, మన దానికి లేదు. పైగా బ్రౌనింగ్ 1910, వాల్తర్ పీపీకే లాంటి వాటిలో స్ప్రింగు బ్యారెల్ చుట్టూనే ఉంటుంది, గైడ్ రాడ్డే ఉండదు. తాతల నాటి వెబ్లీ స్కాట్ .32 అయితే కుడి పిడి పలక కింద వి ఆకారపు స్ప్రింగు బద్ద. వాటికీ ఈ కిట్టే అమ్మజూపుతున్నారంటే అమ్మేవాడికి ఎంత తెలుసో చూసుకోండి.

"గట్టిగా ఉంటే రెండు చుట్లు కోసేయండి" అనే సలహా ఇంకా ప్రమాదం. కోసిన కొన లోపల గీరుకుంటుంది, స్లైడు పూర్తిగా మూసుకోకపోవచ్చు. బిగువు మరీ తగ్గితే స్లైడు ప్రతిసారీ ఫ్రేముని గుద్ది పగుళ్లు తెస్తుంది.

ఇప్పటికే వేయించేసినవాళ్లు ముందు మ్యాగజైన్ తీసి, స్లైడు లాగి, ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. ఆ తర్వాత స్లైడుని నెమ్మదిగా చివరిదాకా లాగండి. ఫ్రేముకి తగిలి ఆగాలి. అంతకంటే ముందే మొండిగా ఆగిందంటే చుట్లు ఒకదాన్నొకటి ఒత్తుకుంటున్నాయన్నమాట, కాల్చకండి. రెండు ముక్కల రాడ్డయితే మర వదులవుతోందేమో కూడా చూడండి. పాత స్ప్రింగు పారేయకుండా ఉంటే అదే తిరిగి వేయించండి. లేకపోతే అదే మోడల్‌కి ఫ్యాక్టరీ స్ప్రింగే తెప్పించాలి. ఆయుధాల చట్టం, 1959 నిర్వచనంలో భాగాలు కూడా ఉన్నాయి, అమ్మకానికీ రిపేరుకీ లైసెన్సు కావాలి. కాబట్టి బిల్లు లేకుండా కొరియర్‌లో వచ్చే సరుకు జోలికి వెళ్లకండి.

అసలు ఏడాదికి పాతికో యాభయ్యో కాల్చే పిస్టల్లో స్ప్రింగు అరగదు. మన దగ్గర దాన్ని తినేది ఉప్పుగాలి. ఎన్నికల కోడ్ వచ్చి స్టేషన్లో డిపాజిట్ చేసిన పిస్టల్ తిరిగి చేతికొచ్చాక స్ప్రింగు తీసి తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకి ఎర్రగా అంటుకుని, తీగ మీద గుంటలు కనిపిస్తే మార్చాల్సిందే. గుంటలు లేకపోతే పల్చగా గన్ ఆయిల్ రాసి బిగించేయండి. కొబ్బరినూనె వద్దు, జిగురు కడుతుంది. తోలు హోల్‌స్టర్లో పెట్టి బీరువాలో దాచకండి, తోలు చెమ్మ పీలుస్తుంది.