తిరనాళ్ల స్టేజీకి ఏది మేలు: కీబోర్డా, లాప్‌టాపా?

కావలి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, చేతిలో అరవై వేలుండాయి. కీబోర్డు కొనేదా, లాప్‌టాప్ కొనేదా?"

"యాడ వాయిస్తావు?"

"పెళ్లిళ్లు, తిరనాళ్లు."

అయితే కీబోర్డే అన్నాను.

లాప్‌టాప్ సౌండుకు వంక పెట్టేదేమీ లేదు. వాయిద్యాల శబ్దాలు పలికించే కాంటాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మంచి లైబ్రరీ వేస్తే వయొలిన్ల గుంపంతా దిగుతుంది, కీబోర్డు స్ట్రింగ్స్ దాని ముందు వెలవెలబోతాయి. చిక్కంతా ఆలస్యం దగ్గర. మీట నొక్కాక కంప్యూటర్ కొన్ని శాంపిళ్లు, అంటే శబ్దపు తునకలు, పోగేసుకుని గానీ శబ్దం వదలదు. ఆ పోగునే బఫర్ అంటారు. 44.1 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 44,100 శాంపిళ్ల దగ్గర బఫర్ 128 పెడితే 2.9 మిల్లీసెకన్లు, చేతికి తెలియదు. 512 పెడితే 11.6, అంటే స్పీకర్ నాలుగు మీటర్లు దూరం జరిగినట్టే. లాప్‌టాప్ శబ్దాన్ని స్పీకర్లకు పంపే పెట్టె, ఇంటర్‌ఫేస్, తినే సమయం వేరే. మెలోడీకి సర్దుకుంటాం, తీన్‌మార్ దరువుకు కుదరదు. పోనీ బఫర్ తగ్గిద్దామా అంటే, ప్రాసెసర్ అందుకోలేక చిటపటలు. పెంచలకోన నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు వైశాఖంలో. ఆ ఉక్కకు స్టేజీ లైట్లు తోడైతే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ఇంట్లో నిక్షేపంగా నడిచిన ప్రాజెక్టు అక్కడ మొరాయిస్తుంది.

కరెంటు పోయి జనరేటర్‌కు మారేటప్పుడు మాత్రం లాప్‌టాపే గొప్ప, బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంటుంది. ఆంప్లిఫైయర్లే ఆగిపోయాక అది వెలిగి ఏం లాభమో! పైగా చార్జర్ గుచ్చగానే ఒక్కోసారి స్పీకర్లలో గుంయ్‌మని మోత. కీబోర్డయితే మళ్లీ లేచాక ప్యాచ్ (కావాల్సిన వాయిద్యం సౌండు) నంబరు నొక్కి పాట అందుకోవచ్చు. కాకపోతే సేవ్ చేయని ట్రాన్స్‌పోజ్, అంటే శ్రుతి మార్చి పెట్టుకున్న అమరిక, ఎగిరిపోతుంది. ఒకసారి గాయని కోసం శ్రుతి రెండు అర స్వరాలు దించి వాయిస్తుంటే కరెంటు పోయింది. వచ్చాక నేను చూసుకోలేదు. ఆమె శ్రుతి ఆమెది, నాది నాది. ముందు వరసలో ముసలాయన తలపట్టుకున్నాడు.

తబలా, డోలు అంటారా, పుల్లలతో వాయించే ఎనిమిది ప్యాడ్ల ఆక్టోప్యాడ్ ఉండగా లాప్‌టాప్ ఊసెందుకు? ఫోన్ యాప్‌లు సాధనకు చాలు.

ఇంట్లో పాట కట్టాలంటే మాట వేరు. ట్రాకులు పేర్చడం, తప్పిన స్వరం సరిచేయడం, మిక్సింగ్ అన్నీ లాప్‌టాప్‌లోనే సుఖం. వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష, మిడి, 1983లో వచ్చింది గనక ఈ రెంటికీ మాట కలుస్తుంది. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 లాంటి 61 మీటల కీబోర్డును రేపు యూఎస్‌బీ వైరుతో లాప్‌టాప్‌కు తగిలిస్తే అదే కంట్రోలర్, అంటే లాప్‌టాప్ సౌండును వాయించే మీటలు. లాప్‌టాప్ ముందు కొంటే మీటలూ ఇంటర్‌ఫేస్ మళ్లీ కొనాలి, అరవై వేలూ ఆవిరి.

"మిగిలిన డబ్బుతో ఏం కొననన్నా?" అన్నాడు. గట్టి స్టాండు, ఇంకో అడాప్టరు. అడాప్టరు వైరు తెగేది సరిగ్గా గణపతి పాట మొదలెట్టేటప్పుడే.