కిడ్నీలో రాయికి సీటీనా, మామూలు స్కానింగా?

ఎండలు ముదిరితే చాలు, నా ఫోన్‌కి ఇదొక్కటే ప్రశ్న. నడుము పక్కన పోటు, వాంతులు, డాక్టరు సీటీ రాశారు, రేడియేషన్ అంట కదా, మామూలు స్కానింగ్‌తో, అంటే అల్ట్రాసౌండ్‌తో, సరిపెట్టుకోకూడదా? రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్లు, చీమకుర్తి క్వారీల వాళ్లు, పగలంతా చెమటోడ్చి నీళ్లు తాగడం మరిచిపోయేవాళ్లు మన వైపు తక్కువేం కాదు, కాబట్టి రాళ్లకూ కొదవలేదు. నేను పన్నెండేళ్లుగా నెల్లూరులో సీటీ మిషన్ దగ్గరే పనిచేస్తున్నాను, ఆ మిషన్ పెట్టే తిండే తింటున్నాను, అయినా మొదటి ఓటు మామూలు స్కానింగ్‌కే వేస్తాను. ఎప్పుడు వేయనో కూడా చెబుతాను.

మొన్న మే నెలలో కావలి నుంచి మా అక్క కొడుకు వచ్చాడు, పంతొమ్మిదేళ్లు, కుడి పక్క పట్టుకుని వంగిపోయి. చేతిలో ఫైలు. రెండేళ్లలో అప్పటికే రెండుసార్లు సీటీ అయింది, వేరే ఊళ్లో. "ఇంకొకటి తీసెయ్ మామా, ఒక్కసారికి ఏమవుద్ది" అంటాడు. పాత ఫిల్ములు లైటుకి పెట్టి చూశాను. సీటీ ఫిల్ముల్లో చివర ఒక గడిలో బొమ్మ ఉండదు, అంకెలే ఉంటాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. డీఎల్‌పీ అని రాసి ఉంటుంది చూడండి, ఆ స్కాన్ మొత్తానికి మిషన్ ఇచ్చిన రేడియేషన్ లెక్క అది, పొట్ట స్కాన్‌కైతే ఆ అంకెని 0.015తో గుణిస్తే మిల్లీసీవర్ట్‌లలో డోస్ ఎంతో సుమారుగా తెలిసిపోతుంది. వీడి మొదటి ఫిల్ము మీద 712, అంటే పదిన్నర పైన. రెండోదాని మీద 1430, ఎందుకంటే మందు (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్) ఎక్కించకముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి తీశారు. రాయి ఉందా లేదా చూడటానికి మందు అక్కర్లేదు. ఆ రెండో సీటీ ఒక్కటే 21 దాటింది. మనకి ప్రకృతి నుంచి వచ్చే రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. నాలాంటి ఉద్యోగులకి మన దేశంలో పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20, నా చొక్కాకి తగిలించుకునే, రేడియేషన్ కొలిచే బ్యాడ్జి మూడు నెలలకోసారి పంపిస్తే లెక్క దాదాపు సున్నా అనే వస్తుంది. నేను ఏడాదంతా మిషన్ పక్కన ఉండి తీసుకోనిది వాడు పావుగంటలో తీసుకున్నాడు. పేషెంట్లకి హద్దంటూ పెట్టలేదు, అవసరమైతే ఎంతైనా తీయాల్సిందే కాబట్టి. అవసరమా కాదా అన్నదే మాట.

ఇంతకీ లోపల ఏం జరుగుతుందంటే, సీటీ వాడేది కూడా ఎక్స్‌రేలనే, ఆ ఎక్స్‌రే కిరణం ఒంట్లోంచి దూసుకుపోతూ దారిలో తగిలిన అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. కణంలో ఎక్కువ భాగం నీళ్లే, దెబ్బ ఎక్కువగా వాటికే తగులుతుంది, విరిగిన ఆ నీటి ముక్కలు పోయి పక్కనున్న డీఎన్ఏ మీద పడతాయి. డీఎన్ఏకి జరిగే నష్టంలో మూడింట రెండొంతులు ఇట్టా నీళ్ల దారినే జరుగుతుంది. డీఎన్ఏని రెండు పురుల తాడు అనుకోండి. ఒక పురి తెగితే కణానికి లెక్కే లేదు, రెండో పురిని చూసుకుని అతికించేస్తుంది, ఏ కిరణమూ లేకుండానే రోజూ కణానికి వేలల్లో చిన్నాచితకా దెబ్బలు తగులుతుంటాయి, సర్దుకుంటుంటుంది. రెండు పురులూ ఒకేచోట తెగితేనే తంటా. చూసి అల్లడానికి నమూనా లేక, దొరికిన కొసలు దొరికినట్టు ముడేస్తుంది, ముడి దగ్గర కొన్ని అక్షరాలు పోతాయి, ఒక్కోసారి వేరే తాడు కొసకి ముడిపడుతుంది. 1 గ్రే డోస్ (గ్రే కూడా రేడియేషన్ కొలతే, ఎక్స్‌రేకైతే సుమారు 1000 మిల్లీసీవర్ట్‌లు అనుకోండి) తగిలితే కణానికి ఇట్టాంటివి 40 దాకా జరుగుతాయి. పొట్ట సీటీలో తగిలేది అందులో నూరో వంతు, కాస్త అటూ ఇటూ, అంటే రెండు మూడు కణాల్లో ఒకదానికి ఒకటి. సీటీకి ముందూ తర్వాతా రక్తం తీసి తెల్లకణాల్లో ఈ తెగిన చోట్లను లెక్కపెట్టి చూశారు కూడా: స్కాన్ అవగానే పెరుగుతాయి, మరుసటి రోజుకి దాదాపు మామూలుకి వచ్చేస్తాయి.

మరి ఇంక భయమెందుకు? చర్మం కమలడానికి కనీసం 2 గ్రే పడాలి, సీటీ ఆ దరిదాపులకి కూడా పోదు, ఆ టెన్షన్ వదిలేయండి. నా లెక్కంతా తప్పుగా ముడిపడి కూడా బతికి ఉన్న ఆ ఒకటీ అరా కణాల గురించే. అవి ఇంకా ఎన్నిసార్లు విభజన చెందుతాయి, మనిషికి ఇంకా ఎన్నేళ్ల బతుకు ముందుంది? త్వరత్వరగా విభజన చెందే కణాలకే కిరణాల దెబ్బ ఎక్కువని ఫ్రాన్స్‌లో బెర్గోనియే, ట్రిబోందో అనే ఇద్దరు 1906లోనే చెప్పారు. ఎముకల మూలుగ, పేగు లోపలి పొర అట్టాంటివి, పిల్లల్లో అయితే ఒళ్లంతా అంతే. హిరోషిమా, నాగసాకిలో బతికి బయటపడ్డవాళ్లను దశాబ్దాలుగా గమనించిన లెక్కల మీద వేసిన అంచనా ప్రకారం 10 మిల్లీసీవర్ట్‌లకి 2000 మందిలో ఒకరికి అదనంగా ప్రాణాంతక క్యాన్సర్ రావచ్చు. ఒక్కసారికైతే నిజంగానే చిన్నది. డెబ్బై ఏళ్ల పెద్దాయనకి ఇంకా చిన్నది, ఎందుకంటే క్యాన్సర్ గడ్డలు తేలడానికి పదేళ్లో ఇరవయ్యేళ్లో పడుతుంది. కానీ రాళ్ల రోగం ఒక్కసారితో పోయేది కాదు. పంతొమ్మిదేళ్లకి మొదలైనవాడికి మళ్లీ మళ్లీ వస్తుంది, వచ్చినప్పుడల్లా సీటీ అంటే యాభై ఏళ్లొచ్చేసరికి ఎన్ని? నాకు తేల్చేది ఇదే, ఈసారి డోస్ ఎంత అన్నది కాదు.

ఇక మామూలు స్కానింగ్ సంగతి. అది శబ్దం, కిరణం కాదు, ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే బలం దానికి లేదు, ఎన్నిసార్లు తీసినా డీఎన్ఏ జోలికి పోదు. కిడ్నీలో ఉన్న రాయిని, నీరు పట్టి కిడ్నీ ఉబ్బడాన్ని బాగానే చూపిస్తుంది. చేతకానిది మూత్రనాళం మధ్యలో ఇరుక్కున్న రాయి దగ్గర, పేగుల్లో గ్యాస్ అడ్డమొస్తుంది, లావుపాటి మనిషైతే ఇంకా కష్టం, తీసే డాక్టరు చేయి మీద కూడా ఉంటుంది. చిన్న రాళ్లు సీటీకి దొరికినంతగా దీనికి దొరకవు, ఒప్పుకుంటాను. అయితే అమెరికాలో 15 ఆస్పత్రుల ఎమర్జెన్సీల్లో 2700 మందికి పైగా పేషెంట్ల మీద చేసి 2014లో అచ్చువేసిన పరిశోధనలో, ముందు స్కానింగ్ చేసి అవసరమైతేనే సీటీకి పంపినవాళ్లకి మొత్తం మీద రేడియేషన్ తగ్గింది, ప్రమాదకరమైన జబ్బు చూడకుండా వదిలేయడం మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు.

ఎక్స్‌రే? చవక, డోస్ తక్కువ, కానీ యూరిక్ యాసిడ్ రాయి అందులో కనబడదు. ఉందని తెలిసిన రాయి ఎంత దూరం జారిందో చూడటానికి పర్వాలేదు. ఎమ్మారైలో రేడియేషన్ లేదు నిజమే, రాయి కూడా సరిగా కనబడదు, డబ్బు దండగ. గర్భిణులకైతే వాదనే లేదు, ముందు మామూలు స్కానింగే.

సీటీకే పొమ్మనేది ఎప్పుడంటే: చలిజ్వరం ఉన్నా, ఉన్నది ఒక్క కిడ్నీయే అయినా, ఇంజెక్షన్‌కి కూడా నొప్పి లొంగకపోయినా, ఆపరేషన్ అనుకుంటున్నా. అరవై దాటినవాళ్లకి మొదటిసారి ఇట్టాంటి పోటు వస్తే అది రాయి కాక పెద్ద రక్తనాళం ఉబ్బు కూడా కావచ్చు, అక్కడ రేడియేషన్ లెక్కలు వేసుకుంటూ కూర్చోకండి. వెళ్లినప్పుడు మాత్రం "రాయి కోసమే కదా, మందు లేకుండా, లో డోస్‌లో తీస్తారా" అని నోరు తెరిచి అడగండి. లో డోస్‌లో 3 మిల్లీసీవర్ట్‌ల లోపే అయిపోతుంది. అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి. బయటికొచ్చాక కొబ్బరినీళ్లు తాగితే రేడియేషన్ దిగిపోతుందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. స్విచ్ ఆపితే గదిలో వెలుతురు మిగలనట్టే కిరణాలూ ఒంట్లో మిగలవు, దిగడానికి ఏమీ ఉండదు. ఆ మాటకొస్తే కొబ్బరినీళ్లలోని పొటాషియంలోనే రవ్వంత రేడియేషన్ ఉంటుంది. ఎండలో వచ్చారు కాబట్టి తాగండి.

మావాడికి లీటరు నీళ్లు తాగించి, మూత్రం బిగపట్టుకోమని గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టాం. ఆ గంటా నన్ను తిట్టుకుంటూనే ఉన్నాడు. నిండిన మూత్రసంచి వెనక, నాళం సంచిలో కలిసే మూల దగ్గర రాయి తెల్లగా తేలింది, 5 మిల్లీమీటర్లు. డాక్టరు మాత్రలు రాసి పంపారు. పదకొండో రోజు వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు, మాత్రల కవరు మీద ధనియం గింజంత రాయి, పక్కన కొలతకి రూపాయి బిళ్ల.